వేడెక్కాక ఆగి మొరాయించే ఇంజన్: లోపం దొరికేది ఆగి ఉన్నప్పుడే

ఉదయం చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ముప్పావుగంట నడిచాక సిగ్నల్ దగ్గరో ఎత్తు ఎక్కుతున్నప్పుడో ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఎన్నిసార్లు సెల్ఫ్ కొట్టినా అందుకోదు. అరగంట పోయాక ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన నాలుగుసార్లు స్టార్ట్ చేసి చూసి, బండి బాగానే ఉందని చెప్పి పంపేస్తాడు.

ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. ఆ సమయానికి బండి నిజంగానే బాగుంది. ఈ రకం లోపం వేడిలోనే బయటపడుతుంది, చల్లారగానే మాయమవుతుంది. అందుకే దీన్ని పట్టుకోలేక అంచనా మీద పార్టులు మార్చడం మొదలవుతుంది. ముందు ప్లగ్గులు, తర్వాత ఫ్యూయల్ ఫిల్టర్, ఆ తర్వాత పంపు, కాయిల్. మార్చిన ప్రతిసారీ రెండు రోజులు బాగా నడిచి మళ్లీ ఆగుతుంది. డబ్బు పోవడం ఒక ఎత్తయితే, బండి మీద నమ్మకం పోవడం ఇంకో ఎత్తు. ఎప్పుడు ఎక్కడ ఆగుతుందో తెలియని బండిలో పిల్లల్ని ఎక్కించుకుని బయల్దేరాలంటే ఎవరికైనా టెన్షనే.

బండి మొరాయిస్తున్న ఆ పదిహేను, ఇరవై నిమిషాలే పరీక్షకు పనికొచ్చే సమయం. ఆ కాసేపట్లో ఏం చూడాలో తెలిస్తే చాలాసార్లు లోపం అక్కడికక్కడే దొరుకుతుంది. చల్లారేదాకా ఆగి, స్టార్ట్ చేసుకుని ఇంటికి వెళ్లిపోతే ఆధారం చేజారినట్టే.

అయితే అన్నింటికంటే ముందు భద్రత. నడుస్తుండగా ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ బరువెక్కుతుంది. బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌లో మిగిలిన వాక్యూమ్ ఒకటి రెండు సార్లు తొక్కేంతవరకే పనిచేస్తుంది, ఆ తర్వాత పెడల్ గట్టిపడుతుంది. అందుకని బ్రేకును మాటిమాటికీ తొక్కి వదలకుండా, ఒకేసారి గట్టిగా తొక్కిపట్టి పక్కకు తీయాలి. హజార్డ్ లైట్లు వేసి, మనుషుల్ని రోడ్డుకు దూరంగా నిలబెట్టాకే బానెట్ ఎత్తాలి.

తర్వాత టెంపరేచర్ ముల్లు చూడాలి. అది ఎర్ర గీత దాటి ఉంటే ఈ వ్యాసంలోని మిగతా విషయాలేవీ మీకు వర్తించవు. అది ఓవర్‌హీట్ కేసు. మళ్లీ సెల్ఫ్ కొట్టకండి, రేడియేటర్ మూత తీయకండి. లోపల ఒత్తిడి వల్ల కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులవగానే ఒక్కసారిగా మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇక్కడి నుంచి చెప్పేదంతా ముల్లు మామూలు చోటే ఉండి ఇంజన్ ఆగిపోయిన సందర్భం గురించి.

ఆగాక వేడి పెరుగుతుంది

ఇంజన్ ఆగగానే చల్లబడటం మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. మొదటి పది, ఇరవై నిమిషాల్లో జరిగేది దీనికి వ్యతిరేకం. ఇంజన్ నడుస్తున్నంతసేపూ వాటర్ పంపు కూలెంట్‌ని తిప్పుతుంది, బానెట్ కింద గాలి ఆడుతుంది. ఆగగానే చాలా బండ్లలో ఆ రెండూ నిలిచిపోతాయి. సిలిండర్ హెడ్‌లో, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో నిలవున్న వేడి చుట్టూ ఉన్న సెన్సర్లకీ వైర్లకీ పెట్రోల్ పైపులకీ పాకుతుంది. దీన్నే హీట్ సోక్ అంటారు. నడిచేటప్పుడు అంచు మీద ఉన్న పార్టు, ఆగిన పది నిమిషాలకు ఆ అంచు దాటేస్తుంది. దారిలో కాసేపు ఆపి మళ్లీ తాళం తిప్పినప్పుడు స్టార్ట్ కాకపోవడానికీ, గంట తర్వాత హాయిగా స్టార్ట్ కావడానికీ కారణం ఇదే.

వేడి చేసే పనులు నాలుగు రకాలు. లోహం వ్యాకోచించి, లోపల సన్నగా తెగిన వైరు చివర్లు ఎడమవుతాయి, పగిలిన సోల్డర్ అతుకు విడిపోతుంది. రాగి తీగ నిరోధం డిగ్రీకి దాదాపు 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. పెట్రోల్ ఆవిరవుతుంది. నూనె, డీజిల్ పలచబడి, అరిగిన సందుల్లోంచి జారిపోతాయి. వేడిలో వచ్చే లోపానికి మూలం ముందుగా ఈ నాలుగింట్లో వెతకాలి.

ముందు తేల్చుకోవాల్సినవి

స్టార్ట్ కావట్లేదు అన్న మాటలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. సెల్ఫ్ మోటార్ అసలు తిరగకపోవడం ఒకటి, సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోవడం ఇంకోటి. ఫోన్‌లో మెకానిక్‌కి చెప్పేటప్పుడు ఈ తేడా చెప్పకపోతే ఆయన ఇంకేదో వెతుకుతాడు.

సెల్ఫ్ తిరక్కుండా టక్కుమని శబ్దం మాత్రమే వస్తే, లేదా బాగా బరువుగా తిరిగితే, అది స్టార్టర్ వైపు సంగతి. చాలా ఇంజన్లలో సెల్ఫ్ మోటార్ ఎగ్జాస్ట్ పైపుకి దగ్గరగా ఉంటుంది. వేడికి సోలినాయిడ్ (స్టార్టర్‌ని ఇంజన్‌తో కలిపే విద్యుదయస్కాంతం) చుట్ట నిరోధం పెరిగి, లాగే బలం తగ్గుతుంది. కేబుల్ చివర్లు, ఇంజన్ ఎర్త్ స్ట్రాప్ తుప్పు పట్టి ఉంటే అది ఇంకాస్త తగ్గుతుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే మల్టీమీటర్ ఒక మొనని బ్యాటరీ నెగెటివ్ స్తంభం మీద, రెండోదాన్ని ఇంజన్ ఒంటి మీద పెట్టి చూడండి. 0.3 వోల్టులకు మించి చూపిస్తే ఎర్త్‌లో లోపం. బ్యాటరీ పాజిటివ్ నుంచి స్టార్టర్ బోల్టు దాకా 0.5 వోల్టులకు మించి పోతుంటే ఆ కేబుల్‌లో లోపం. కేబుళ్లు బాగుండి, బ్యాటరీ వోల్టేజి కూడా సరిపడా ఉన్నా తిరగకపోతే అప్పుడు స్టార్టర్‌ని అనుమానించాలి. ఈ పరీక్ష చేయకుండానే కొత్త బ్యాటరీ కొనేవాళ్లు చాలామంది.

సెల్ఫ్ చక్కగా తిరుగుతున్నా ఇంజన్ అందుకోకపోతే, ఆగిన తీరు గుర్తు చేసుకోవాలి. స్విచ్ కట్టేసినట్టు ఒక్క క్షణంలో ఆగిందా? అయితే ముందు కరెంటు వైపు చూడాలి. జెర్కులు ఇచ్చి, పికప్ తగ్గి, ఈడ్చుకుంటూ ఆగిందా? అయితే పెట్రోల్ అందడం లేదు, లేదంటే పొగ బయటికి పోవడం లేదు. సిగ్నల్ దగ్గర యాక్సిలేటర్ వదలగానే మాత్రమే ఆగి, కాస్త యాక్సిలేటర్ ఇచ్చి సెల్ఫ్ కొడితే వెంటనే అందుకుంటే అది ఈ జబ్బు కాకపోవచ్చు. ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే థ్రాటిల్ బాడీలో మసి పేరుకున్నప్పుడు అలా జరుగుతుంది. శుభ్రం చేస్తే సరిపోతుంది.

డాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం ముల్లు (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపేది) ఇచ్చే ఆధారాన్ని చాలామంది గమనించరు. మాన్యువల్ గేరు బండి నడుస్తూ ఆగినప్పుడు, గేరులోనే ఉండి క్లచ్ తొక్కకపోతే చక్రాలు ఇంజన్‌ని ఇంకా తిప్పుతూనే ఉంటాయి. అంటే ఇంజన్ ఆర్‌పీఎం నిజానికి సున్నా కాదు. అయినా ముల్లు టక్కున సున్నాకి పడిపోయిందంటే, ఇంజన్ తిరుగుతున్న సంగతి ఈసీయూకి, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్‌కి, తెలియడం లేదన్నమాట. ఆ కబురు మోసేది క్రాంక్ సెన్సర్.

మొదటి ముద్దాయి: క్రాంక్ సెన్సర్

ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న పెట్రోల్ బండి వేడిలో స్విచ్ కట్టేసినట్టు ఆగి, చల్లారాక స్టార్ట్ అవుతుంటే నేను మొదట చూసేది క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్‌నే. ఇది క్రాంక్ పుల్లీ దగ్గరో, గేరు బాక్స్ ఇంజన్‌తో కలిసే చోట ఫ్లైవీల్ దగ్గరో బిగించి ఉంటుంది. పళ్లున్న చక్రం దీని ముందు నుంచి తిరుగుతుంటే ఒక్కో పన్నుకీ ఒక్కో సిగ్నల్ పంపుతుంది. పిస్టన్ ఎక్కడుందో, ఇంజన్ ఎంత వేగంగా తిరుగుతోందో ఈసీయూకి ఇలాగే తెలుస్తుంది. సిగ్నల్ పోతే ప్లగ్గులో స్పార్క్ ఎప్పుడు కొట్టాలో, ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో ఈసీయూకి తెలియదు. కాబట్టి రెండూ ఆపేస్తుంది. ఫ్యూయల్ పంపుకి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలేని కూడా ఆపేస్తుంది.

పొరపాటు నిర్ధారణ మొదలయ్యేది ఇక్కడే. సెల్ఫ్ కొడుతుంటే పంపు నడవడం లేదని చూసి పంపునే మార్చేస్తారు. పంపుకి ఏమీ కాలేదు, దాన్ని నడపమని చెప్పేవాడికే కబురు అందలేదు. స్పార్క్, ఇంజెక్షన్ రెండూ ఒకేసారి లేకపోతే రెండు పార్టులు ఒకే క్షణంలో పాడయ్యాయని అనుకోకూడదు. రెండింటికీ పైన ఉన్నదాన్ని వెతకాలి. అది క్రాంక్ సెన్సర్ కావచ్చు, ఈసీయూకి కరెంటు ఇచ్చే మెయిన్ రిలే కావచ్చు, అరిగిన ఇగ్నిషన్ స్విచ్ కావచ్చు. తాళం ఆన్‌లో పెట్టినప్పుడు చెక్ ఇంజన్ లైటు వెలుగుతోందో లేదో చూడండి. అది అసలు వెలగకపోతే ఈసీయూకే కరెంటు అందడం లేదేమోనని ముందు రిలే, ఫ్యూజులు చూడాలి. ఇమ్మొబిలైజర్ లైటు మినుకుమినుకుమంటుంటే తాళంలోని చిప్‌ని బండి గుర్తుపట్టడం లేదు. దానికి దారి వేరు.

ఈ సెన్సర్లు రెండు రకాలు. ఒకటి ఇండక్టివ్. లోపల అయస్కాంతం, దాని చుట్టూ వెంట్రుకంత సన్నని రాగి తీగ చుట్ట. ఏళ్ల తరబడి వేడెక్కి చల్లారిన తీగ ఎక్కడో తెగుతుంది. చల్లగా ఉన్నప్పుడు తెగిన చివర్లు తాకుతూనే ఉంటాయి, వేడెక్కగానే విడిపోతాయి. ఈ సెన్సర్ పుట్టించే వోల్టేజి ఇంజన్ వేగాన్ని బట్టి పెరుగుతుంది. 2000 ఆర్‌పీఎం దగ్గర సిగ్నల్ బలంగా ఉంటుంది. సెల్ఫ్ తిప్పేటప్పుడు ఇంజన్ తిరిగేది 200 ఆర్‌పీఎం చుట్టుపక్కలే కాబట్టి సిగ్నల్ బాగా బలహీనంగా ఉంటుంది. బలం తగ్గిన సెన్సర్ రోడ్డు మీద బండిని నడిపించేస్తుంది. వేడి మీద ఒకసారి ఆపితే మాత్రం మళ్లీ స్టార్ట్ కానివ్వదు. నడిచే బండి స్టార్ట్ ఎందుకు కాదన్న చిక్కుముడి చాలాసార్లు ఇక్కడే విడిపోతుంది.

రెండో రకం హాల్ సెన్సర్. దీనికి మామూలుగా మూడు వైర్లుంటాయి: సప్లై, ఎర్త్, సిగ్నల్. లోపలి ఎలక్ట్రానిక్ చిప్ వేడికి పనిచేయడం మానేసి, చల్లారాక మళ్లీ మొదలుపెడుతుంది.

పరీక్ష ఎలా? ఫోన్‌కి కలిపే చిన్న ఓబీడీ స్కానర్ (ఈసీయూలోని సమాచారాన్ని చదివే పరికరం) ఉంటే చాలు. బండి మొరాయిస్తున్నప్పుడే దాన్ని తగిలించి లైవ్ డేటాలో ఆర్‌పీఎం తెరిచి సెల్ఫ్ కొట్టండి. 150 నుంచి 250 మధ్య ఏదో ఒక అంకె కదలాలి. సెల్ఫ్ తిరుగుతుంటే అక్కడ సున్నా ఉంటే క్రాంక్ సిగ్నల్ రావడం లేదు. ఈసీయూ రాసుకున్న లోపాల్లో క్రాంక్ సెన్సర్‌కి చెందిన పి0335, పి0336 కోడ్‌లు ఉంటే ఇంకా గట్టి ఆధారం. కోడ్ లేనంతమాత్రాన సెన్సర్ బాగుందని మాత్రం అనుకోకండి. సిగ్నల్ ఒక్కసారిగా పోతే తాళం కట్టేశారని అనుకుని ఏ కోడూ రాసుకోని ఈసీయూలు చాలా ఉన్నాయి. కోడ్ లేదు కాబట్టి లోపం లేదని తేల్చేయడం ఈ జబ్బు విషయంలో జరిగే పెద్ద తప్పు.

ఇండక్టివ్ రకమైతే వేడి మీదే కనెక్టర్ ఊడదీసి నిరోధం కొలవాలి. ఉండాల్సిన విలువ బండిని బట్టి మారుతుంది, చాలావాటిలో కొన్ని వందల నుంచి వెయ్యి ఓమ్‌ల దాకా ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర 800 ఓమ్‌లు చూపిన మంచి సెన్సరే 120 డిగ్రీల దగ్గర 1100 చూపిస్తుంది. రాగి గుణమే అది. పెరిగింది కదా అని దాన్ని పారేయకండి. మీటర్ అనంతం చూపిస్తే, లేదా తీగ కాస్త కదిపితే అంకె ఎగిరెగిరి పడితే అప్పుడు లోపం ఖాయం. హాల్ రకాన్ని ఓమ్‌లతో కొలవకూడదు. దానికి సప్లై 5 వోల్టులో 12 వోల్టులో వస్తోందా, ఎర్త్ బాగుందా, సెల్ఫ్ కొడితే సిగ్నల్ వైరు మీద వోల్టేజి పైకీ కిందకీ ఆడుతోందా అని చూడాలి.

మీటర్ లేకపోతే చన్నీళ్ల పరీక్ష ఉంది. తాళం తీసేసి, సెన్సర్ చేతికందే చోట ఉంటే చన్నీళ్లలో పిండిన గుడ్డ దాని మీద రెండు మూడు నిమిషాలు ఉంచండి. ఎగ్జాస్ట్ మీద, ఇంజన్ బ్లాక్ మీద నీళ్లు గుమ్మరించకూడదు, కాలిన ఇనుము పగులుతుంది. సెన్సర్ ఒక్కటీ చల్లబడగానే ఇంజన్ అందుకుంటే, మిగతాదంతా ఇంకా వేడిగానే ఉంది కాబట్టి దోషి ఎవరో తేలిపోయినట్టే. ఇదే పరీక్షను షెడ్డులో తిరగేసి కూడా చేయొచ్చు. ఇంజన్ చల్లగా నడుస్తుండగా ఒక్క సెన్సర్‌కే హెయిర్ డ్రయ్యర్‌తో వేడి తగిలించి ఆగుతుందేమో చూడాలి. కొత్తది వేసేటప్పుడు బండి తయారీదారు ఇచ్చే పార్టే తీసుకోండి. వేడి తట్టుకోవాల్సిన సెన్సర్ విషయంలో చవక నకలు కొంటే ఇదంతా మళ్లీ మొదటికొస్తుంది. పాతది తీసినప్పుడు దాని మొన మీద ఇనుప రజను అంటుకుందేమో, దాని వైరు ఎగ్జాస్ట్‌కి తగిలి మాడిందేమో కూడా చూడాలి. మాడిన వైరుకి కొత్త సెన్సర్ వేసినా లాభం లేదు.

ఆర్‌పీఎం వస్తోంది, స్పార్క్ రావడం లేదు

స్కానర్‌లో ఆర్‌పీఎం బాగానే కనిపిస్తుంటే స్పార్క్ వైపు వెళ్లాలి. స్పార్క్ టెస్టర్ అనే చిన్న పరికరాన్ని ప్లగ్గు స్థానంలో తగిలించి చూడటం పద్ధతి. వైరు చేత్తో పట్టుకుని చూడటం, గాల్లో వేలాడదీసి సెల్ఫ్ కొట్టడం చేయకండి. అక్కడ వేల వోల్టులుంటాయి. మనిషికి షాక్, కాయిల్‌కి నష్టం.

ప్లగ్గుకి కావాల్సిన ఎక్కువ వోల్టేజి పుట్టించే కాయిల్ లోపలి ఇన్సులేషన్ వేడికి బీటలిచ్చి కరెంటు పక్కదారి పడుతుంది. ఇంజన్ మొత్తానికి ఒకే కాయిల్ ఉన్న పాత బండ్లలో దీంతో బండి పూర్తిగా ఆగిపోతుంది. ప్రతి ప్లగ్గు మీదా ఒక్కో కాయిల్ ఉండే కొత్త బండ్లలో ఒకటి పోతే మిస్సింగ్ కొడుతుంది, పి0301 లాంటి కోడ్ వస్తుంది, బండి మాత్రం కుంటుతూ నడుస్తూనే ఉంటుంది. కాబట్టి కొత్త బండి పూర్తిగా ఆగితే కాయిల్‌ని మొదటి అనుమానితుడిగా పెట్టుకోనక్కర్లేదు.

డిస్ట్రిబ్యూటర్ (ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా కరెంటు పంచే భాగం) ఉన్న పాత బండ్లలో, కాయిల్‌ని ఆన్ ఆఫ్ చేసే ఇగ్నిషన్ మాడ్యూల్ ఇంకో వేడి బాధితుడు. 1980ల్లో ఫోర్డ్ కంపెనీ టీఎఫ్‌ఐ అనే మాడ్యూల్‌ని డిస్ట్రిబ్యూటర్ ఒంటికే బిగించింది. వేడి ఎక్కువగా ఉండే చోట పెట్టడం వల్ల బండ్లు నడుస్తూ ఆగుతున్నాయన్న ఫిర్యాదు కాలిఫోర్నియా కోర్టు దాకా వెళ్లి, 2001లో రాజీతో ముగిసింది. మాడ్యూల్ కింద పూసే హీట్ సింక్ పేస్ట్ ఎండిపోతే ఇలాంటి మాడ్యూల్ ఏదైనా తొందరగా పోతుంది.

పెట్రోల్ అందకపోతే

స్పార్క్ ఉంది, పెట్రోల్ లేదు. తాళం ఆన్‌లో పెట్టగానే వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లపాటు గుయ్‌మనే శబ్దం చాలా బండ్లలో వస్తుంది. అది ఫ్యూయల్ పంపు లైనులో ఒత్తిడి నింపుకోవడం. ఆ శబ్దం బండి బాగున్నప్పుడు ఎలా ఉంటుందో ఒకసారి చెవికి ఎక్కించుకోండి. మొరాయించినప్పుడు అది లేకపోతే తేడా వెంటనే తెలుస్తుంది.

శబ్దం లేకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే. ఫ్యూజు పెట్టెలో హారన్‌కో ఇంకోదానికో అదే నంబరు రిలే ఉంటే మార్చి పెట్టి చూడండి. రిలే కథకు మంచి ఉదాహరణ 1980, 90ల నాటి హోండా కార్ల మెయిన్ రిలే. డాష్‌బోర్డు కింద ఉండేది. ఎండలో నిలిపిన కారు లోపలి వేడికి దాని సోల్డర్ అతుకులు విడిపోయేవి, పంపుకి కరెంటు ఆగేది. కిటికీలు దింపి కాసేపు ఉంచితే మళ్లీ స్టార్ట్ అయ్యేది. ఆ అతుకులకు మళ్లీ సోల్డర్ వేస్తే చాలు, బండి బాగుపడేది. పంపు మార్చినవాళ్లకు అంతా దండగే అయింది.

రిలే బాగుంటే పంపు కనెక్టర్ దగ్గర వోల్టేజి కొలవాలి. బ్యాటరీ వోల్టేజి దాదాపుగా అక్కడికి చేరుతున్నా పంపు తిరగకపోతే లోపం పంపులోనే. అరిగిన బ్రష్‌లున్న మోటార్ వేడిలో ఇరుక్కుంటుంది. ఒకరు సెల్ఫ్ కొడుతుంటే ఇంకొకరు ట్యాంకు అడుగున రబ్బరు సుత్తితోనో పిడికిలితోనో తడితే ఒక్కోసారి తిరగడం మొదలెడుతుంది. తిరిగిందంటే పంపు చివరి రోజుల్లో ఉందని అర్థం. ట్యాంకులోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది కాబట్టి, ట్యాంకు అడుగంటినప్పుడే ఈ సమస్య ఎక్కువగా వస్తుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

శబ్దం వస్తుంది, పెట్రోల్ ఒత్తిడి మాత్రం నిలవదు. ఇది ఇంకో రకం. పెట్రోల్ ఒకే చోట మరిగే పదార్థం కాదు. దానిలో తేలికైన భాగాలు 35 డిగ్రీల చుట్టుపక్కలే ఆవిరవడం మొదలుపెడతాయి. వేడెక్కిన ఇంజన్ మీది పైపులో అది ద్రవంగా ఉండేది ఒత్తిడి వల్లనే. సిలిండర్ బయట, గాలి వెళ్లే దారిలో పెట్రోల్ చిమ్మే చాలా పోర్ట్ ఇంజెక్షన్ బండ్లలో అది 3 నుంచి 4 బార్లు ఉంటుంది. ఇంజన్ ఆపాక కూడా పంపులో పెట్రోల్‌ని వెనక్కి పోనివ్వని చెక్ వాల్వ్ ఆ ఒత్తిడిని పట్టి ఉంచాలి. చెక్ వాల్వ్ కారితే ఒత్తిడి పడిపోయి, లైనులో ఆవిరి బుడగలు చేరతాయి. తాళాన్ని ఆన్ చేసి రెండు సెకన్లాగి ఆఫ్ చేయడం, ఇలా రెండు మూడుసార్లు చేసి తర్వాత సెల్ఫ్ కొట్టండి. దాంతో వెంటనే అందుకుంటే ఒత్తిడి నిలవడం లేదనే అర్థం. ప్రెషర్ గేజ్ తగిలించి ఇంజన్ ఆపాక చూస్తే రుజువవుతుంది. ఇది ఎక్కువగా ఆపిన బండి స్టార్ట్ కాకపోవడానికే కారణం. నడుస్తున్న బండి ఆగిందంటే పంపు బలహీనతో ఫిల్టర్ పూడికో కూడా ఉందేమో చూసుకోవాలి.

కార్బ్యురేటర్ బండ్లలో ఒత్తిడి చాలా తక్కువ కాబట్టి ఈ ఆవిరి బెడద ఎక్కువ. వేపర్ లాక్ అనేది దీన్నే. పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ కలిస్తే ఆవిరి ఒత్తిడి సుమారు 7 కిలోపాస్కల్స్ పెరుగుతుంది, పాత బండ్లకు ఇది ఇంకాస్త ఇబ్బంది. పంపు మీద, పైపు మీద తడిగుడ్డ వేస్తే స్టార్ట్ అవుతుంది. శాశ్వత మందు పైపును ఎగ్జాస్ట్‌కి దూరంగా తిప్పడం, మధ్యలో వేడి తగలకుండా రేకు బిగించడం.

ట్యాంకు మూత సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోతే, పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ లోపల శూన్యం ఏర్పడి పంపుకు పెట్రోల్ అందదు. ఆగగానే మూత తిప్పి చూడండి. గాలి గట్టిగా లోపలికి పీల్చుకున్న శబ్దం వచ్చి, తర్వాత బండి స్టార్ట్ అయితే కారణం దొరికింది. పైసా ఖర్చులేని పరీక్ష ఇది.

పెట్రోల్ ఎక్కువైపోతే

ఒకే వేడి పెట్రోల్ అందకుండానూ చేస్తుంది, మరీ ఎక్కువ అందేలానూ చేస్తుంది. సెల్ఫ్ కొడుతుంటే సైలెన్సర్ దగ్గర పెట్రోల్ వాసన గుప్పుమంటే, ప్లగ్గు తీస్తే తడిగా ఉంటే ఇంజన్ ముంపుకి గురైంది. యాక్సిలేటర్ పూర్తిగా చివరిదాకా తొక్కిపట్టి సెల్ఫ్ కొట్టండి. చాలా ఇంజెక్షన్ బండ్లలో ఇలా చేస్తే ఈసీయూ ఇంజెక్టర్లను ఆపి గాలి మాత్రమే లోపలికి వెళ్లనిస్తుంది. నల్లపొగ వదిలి స్టార్ట్ అయిందంటే ముంపు నిజమే.

ముంపుకి మూలాలు కొన్నే. ఇంజెక్టర్ కారడం, ప్రెషర్ రెగ్యులేటర్ పొర చిల్లు పడటం (దాని వాక్యూమ్ గొట్టం లాగి చూస్తే లోపల పెట్రోల్ తడి కనిపిస్తుంది), పెట్రోల్ ఆవిరిని పీల్చే పర్జ్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోవడం. పెట్రోల్ నింపించిన వెంటనే స్టార్ట్ కాకపోతే పర్జ్ వాల్వ్‌నే ముందు చూడండి.

అన్నింటికన్నా తేలిగ్గా చూడగలిగేది కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. వేడెక్కేకొద్దీ దీని నిరోధం తగ్గాలి. 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓమ్‌లు ఉండేది, ఇంజన్ పూర్తి వేడికి వచ్చేసరికి రెండు మూడు వందలకు దిగుతుంది. దాని తీగ తెగితే, ఇంజన్ మంచులో గడ్డకట్టిందనుకుని ఈసీయూ పెట్రోల్ కుమ్మరిస్తుంది. స్కానర్‌లో కూలెంట్ ఉష్ణోగ్రత మైనస్ 40 అని చూపిస్తే తీగో సెన్సరో తెగిందని అర్థం. బండి మొరాయించిన చోటే ఈ అంకెను ఒకసారి చూసుకోండి.

అరుదుగా వచ్చేవి

స్పార్క్, పెట్రోల్ రెండూ ఉండీ వేడిలో అందుకోకపోతే కంప్రెషన్ మీద అనుమానం వస్తుంది. వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌కీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఉండాల్సిన సందు) తగ్గిపోయిన ఇంజన్‌లో, వేడికి వాల్వ్ కాడ సాగి, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. గ్యాస్ మీద నడిచే బండ్లలో వాల్వ్ సీట్లు తొందరగా అరిగి ఇలా జరగడం ఎక్కువ. కంప్రెషన్‌ని చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, వేడిగా ఉన్నప్పుడు ఇంకోసారి కొలిచి పోల్చాలి. ఒక్కసారి కొలిస్తే ఏమీ తెలియదు.

ఎగ్జాస్ట్ పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పూడిపోతే బండి ముందు పికప్ కోల్పోతుంది, ఎత్తు ఎక్కలేదు, తర్వాత ఊపిరాడక ఆగుతుంది. వాక్యూమ్ గేజ్ పెట్టి ఆర్‌పీఎం పెంచి పట్టి ఉంచితే ముల్లు నెమ్మదిగా దిగుతూ పోతుంది.

ఈసీయూ కూడా వేడికి పాడయ్యే అవకాశం ఉంది. కానీ సప్లై, ఎర్త్, సెన్సర్ సిగ్నళ్లు అన్నీ మొరాయించిన సమయంలోనే సరిగ్గా ఉన్నాయని కొలిచి చూశాకే ఆ మాట అనాలి. ఏమీ దొరకలేదు కాబట్టి ఈసీయూ అయ్యుంటుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

డీజిల్ దారి వేరు

డీజిల్ ఇంజన్‌కి స్పార్క్ లేదు. వేడి మీద మొరాయిస్తే ఎక్కువగా అరుగుదలే కారణం. కామన్ రైల్ ఇంజన్‌లో (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే పైపు నుంచి ఎక్కువ ఒత్తిడితో డీజిల్ అందేది), ఆ పైపులో, అంటే రైల్‌లో, ఒత్తిడి సుమారు 200 నుంచి 250 బార్ల దాకా చేరితేగాని చాలావాటిలో ఈసీయూ ఇంజెక్టర్లను తెరవదు. వేడెక్కి పలచబడిన డీజిల్, అరిగిన ఇంజెక్టర్ల రిటర్న్ పైపుల్లోంచి వెనక్కి కారిపోతుంటే సెల్ఫ్ వేగానికి ఆ ఒత్తిడి పుట్టదు. చల్లారితే డీజిల్ చిక్కబడి మళ్లీ పుడుతుంది. స్కానర్‌లో సెల్ఫ్ కొడుతూ రైల్ ప్రెషర్ చూడాలి. అది తక్కువగా ఉంటే ఒక్కో ఇంజెక్టర్ రిటర్న్‌కి ఒక్కో సీసా తగిలించి ఎంత నిండుతోందో పోల్చాలి. మిగతావాటికంటే బాగా ఎక్కువ నిండిన సీసా దోషిని చూపిస్తుంది. అన్నీ సమానంగా తక్కువే నిండినా ఒత్తిడి రాకపోతే హై ప్రెషర్ పంపు, దాని కంట్రోల్ వాల్వ్ వైపు వెళ్లాలి. డీజిల్‌లో కూడా క్రాంక్ సెన్సర్ ఉంటుంది, అదీ ఇలాగే పోతుంది కాబట్టి ఆర్‌పీఎం అంకె చూడటం మానకండి.

పాత రోటరీ పంపు డీజిల్ బండ్లకు మెకానిక్‌లు పంపు మీద గుడ్డ చుట్టి చన్నీళ్లు పోస్తారు. వెంటనే స్టార్ట్ అయితే పంపు లోపలి హెడ్, రోటర్ అరిగినట్టు తేలుతుంది. చూడటానికి మోటు పద్ధతే, కానీ లోపల జరిగే పనికి సరిగ్గా సరిపోయే పరీక్ష. డీజిల్‌కి స్టార్టింగ్ స్ప్రే మాత్రం కొట్టకండి. సిలిండర్‌ని ముందుగా వేడిచేసే గ్లో ప్లగ్గు వేడిగా ఉంటే అది వేళ కాని వేళ అంటుకుని పిస్టన్‌ని విరగ్గొట్టగలదు.

మెకానిక్‌కి ఏం చెప్పాలి, బాగైందని ఎలా నమ్మాలి

పరీక్షలేవీ చేయడం రాకపోయినా, ఆగిన చోటు నుంచి నాలుగు విషయాలు పట్టుకొస్తే మెకానిక్ పని సగం అయినట్టే. ఎంతసేపు నడిచాక ఆగింది, టక్కున ఆగిందా జెర్కులిచ్చి ఆగిందా, సెల్ఫ్ కొడుతుంటే ఆర్‌పీఎం ముల్లు కదిలిందా, తాళం ఆన్ చేసినప్పుడు పంపు శబ్దం వచ్చిందా. సెల్ఫ్ కొడుతూ డాష్‌బోర్డుని ఫోన్‌లో వీడియో తీస్తే ఇంకా మంచిది. మాటల్లో చెప్పలేనివి అందులో దొరుకుతాయి. బండిని ఆయన దగ్గర వదిలేటప్పుడు, వేడెక్కించి మొరాయించాకే పరీక్షించమని గట్టిగా అడగండి. రేడియేటర్ ముందు అట్టముక్క పెట్టి వేడెక్కించే అలవాటు కొందరికి ఉంది. కొత్త సమస్య తెచ్చుకోవడం తప్ప దానివల్ల ఒరిగేదేమీ లేదు. బండిని మామూలుగా ముప్పావుగంట నడిపి, ఆపి, బానెట్ మూసి పావుగంట ఉంచితే హీట్ సోక్ దానంతటదే వస్తుంది.

పార్టు మార్చాక కూడా అదే కొలత. షెడ్డులో రెండుసార్లు స్టార్ట్ చేసి చూపిస్తే సరిపోదు, పాత పార్టుతో కూడా బండి చల్లగా ఉన్నప్పుడు అలాగే స్టార్ట్ అయ్యేది. ఇంతకుముందు ఆగిన దారిలో, అదే ఎండలో, అంతే దూరం నడపాలి. ఆపి పది నిమిషాలకు ఒకసారి, ఇరవై నిమిషాలకు ఒకసారి స్టార్ట్ చేయాలి. తీసేసిన పార్టుని పారేయనివ్వకుండా అడిగి తెచ్చుకోండి. ఇండక్టివ్ సెన్సర్ అయితే ఇంట్లో దాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ మీటర్ పెట్టి చూడొచ్చు. వేడికి అంకె మాయమైతే సరైన పార్టే మార్చారు. ఎంత వేడి చేసినా అంకె మాయం కాకుండా నెమ్మదిగా పెరుగుతూ మాత్రమే ఉందంటే, బండి ఇప్పుడు నడుస్తున్నా సరే, మళ్లీ మెకానిక్ దగ్గరికి వెళ్లి వైరింగ్, కనెక్టర్ల వైపు చూడమనాలి.